ఇంటి స్టూడియోకు శాంప్లర్: ధర కంటే ముందు ఇన్‌పుట్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ దగ్గర ఒక ల్యాప్‌టాప్, రెండు ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. మౌస్ పట్టుకుని తెర మీద డబ్బాలు జరుపుతూ పాట కట్టడం మీకు విసుగెత్తింది. ఊళ్లో డప్పు దరువులు, మీ అమ్మమ్మ పాడే నాట్ల పాటలు, సంతలో చప్పుళ్లు పట్టుకుని వాటితో బీట్లు కట్టాలని ఉంది. బడ్జెట్ 40,000 రూపాయలు. ధ్వని ముక్కలను (శాంపిల్స్) దాచుకుని మీట నొక్కితే వాయించే శాంప్లర్లలో కోర్గ్ వోల్కా శాంపిల్ 2, ఎలెక్ట్రాన్ మోడల్ శాంపిల్స్, టీనేజ్ ఇంజినీరింగ్ ఈపీ-133 కేఓ 2, రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2, సెకండ్ హ్యాండ్ డిజిటాక్ట్ మీ జాబితాలో ఉన్నాయి. వీటిలో ఏది కొనాలి, లేక అందరిలాగా కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ ఆక్టోప్యాడే కొనుక్కోవాలా అన్నది మీ సందేహం.

జాబితాలో మొదటి రెండింటినీ ఇప్పుడే కొట్టేయవచ్చు. అవి నాసిరకం యంత్రాలని నేను అనడం లేదు. మోడల్ శాంపిల్స్‌లోని సీక్వెన్సర్, అంటే దెబ్బలను వరసలో పేర్చి తిరిగి వాయించే భాగం, చాలా మంచిది. కానీ వాటికి చెవులు లేవు. పేరులో శాంపిల్ అన్న మాట ఉన్నా, బయటి ధ్వనిని నేరుగా రికార్డు చేసుకునే సదుపాయం ఆ రెండింటిలో దేనికీ లేదు. డప్పు మోతను ముందు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి, అక్కడే కత్తిరించి, ఫైలుగా భద్రపరచి, యూఎస్‌బీ తీగ ద్వారా అందులోకి ఎక్కించాలి. అంటే ఏ పని తప్పించుకోవడానికి మీరు డబ్బు పెడుతున్నారో ఆ పని అంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. శాంప్లర్ కొనేటప్పుడు ప్యాడ్లు ఎన్ని, ఎఫెక్టులు ఎన్ని అని లెక్కపెట్టేవారే ఎక్కువ. నేను చూసినంతలో, ధ్వని పుట్టిన చోటు నుంచి ప్యాడ్ కిందికి చేరడానికి ఎన్ని మెట్లు ఎక్కవలసి వస్తుందన్న దాన్ని బట్టే ఆ యంత్రం బల్ల మీద ఉంటుందో అటక మీదికి చేరుతుందో తేలిపోతుంది.

ఆక్టోప్యాడ్ మోజు నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఇంట్లో స్టూడియో పెట్టుకోక ముందు చాలా ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్లు వాయించాను. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్యాడ్ అనగానే గుర్తొచ్చేది రోలాండ్ ఎస్‌పీడీ-20. అందులో 700 ధ్వనులు ఉన్నాయి గానీ అవన్నీ కంపెనీ నింపి పంపినవే. మీ ఊరి డప్పు అందులోకి వెళ్లదు. అదే కంపెనీ వారి ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ మాత్రం సొంత ధ్వనులను లోపలికి తీసుకుని 9 ప్యాడ్ల మీద కర్రలతో వాయించనిస్తుంది. అది స్టేజీ మీద నిలబడి వాయించే మనిషి కోసం చేసిన వస్తువు. దరువులను ఒకదాని మీద ఒకటి పేర్చి పాటగా కట్టే సీక్వెన్సర్ అందులో లేదు, కొత్తది మీ బడ్జెట్‌లో రాదు. మీరు చెప్పిన పనికి అది సరిపడదు.

ఇక చౌక యంత్రాలలో మెమరీ తక్కువన్న భయం మీ ప్రశ్నలో కనిపించింది. అది ఒక లెక్కతో తీరిపోయే భయం. 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు వద్ద, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి ఒక్కో కొలతను 16 బిట్లలో దాస్తే, ఒక మోనో ధ్వనికి సెకనుకు 96,000 బైట్లు పడతాయి, అంటే నిమిషానికి సుమారు 5.76 ఎంబీ. ఈ లెక్కన 64 ఎంబీలో 11 నిమిషాల ధ్వని పడుతుంది. స్టీరియో అయితే అందులో సగం. డప్పు మీద ఒక దెబ్బ, దాని మోగుడుతో సహా, అర సెకనుకు మించదు. అటువంటి దెబ్బలు 64 ఎంబీలో వెయ్యికి పైగా పడతాయి. మెమరీని తినేసేది దెబ్బలు కావు, పొడుగాటి పాటలు. మీ అమ్మమ్మ పాడిన 4 నిమిషాల పాటను మొత్తంగా ఎక్కిస్తే 23 ఎంబీ అక్కడే పోతుంది. శాంప్లర్‌లోకి పాట మొత్తం వెళ్లనవసరం లేదు. ఒక పల్లవి, రెండు మూడు ఊనికలు, ఊపిరి తీసుకున్న ఒక శబ్దం చాలు.

1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం రికార్డింగ్ సమయం 10 సెకన్లు మాత్రమే అని గుర్తుంచుకుంటే మనసు ఇంకా కుదుటపడుతుంది. అందులో 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. శాంప్లింగ్ రేటులో సగానికి పైన ఉన్న ధ్వని నిలవదు కనుక 13 కిలోహెర్ట్జ్ పైనున్న తళుకంతా ఎగిరిపోయేది. అప్పటి అమెరికన్ హిప్‌హాప్ నిర్మాతలు ఎల్పీ రికార్డును 33 స్పీడుకు బదులు 45 స్పీడులో తిప్పి, పొట్టిగా లోపలికి పట్టుకుని, ఆ తర్వాత యంత్రంలో దాని శ్రుతిని కిందికి దించేవారు. ఆ విధంగా 10 సెకన్లలో పదమూడున్నర సెకన్ల సరుకు పట్టేది, దానితోపాటు ఒక గరగర కూడా వచ్చేది. అప్పట్లో గతిలేక వచ్చిన ఆ గరగరను ఇప్పటి యంత్రాలలో లో-ఫై అని పేరు పెట్టి ఎఫెక్టుగా ఇస్తున్నారు.

అసలు విషయమైన ఇన్‌పుట్‌కు వద్దాం. మీ కండెన్సర్ మైకు పనిచేయాలంటే దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగ గుండానే వచ్చే కరెంటు, అందాలి. మీ జాబితాలోని ఏ శాంప్లరూ దాన్ని ఇవ్వదు. ఎస్‌పీ-404 ఎంకే2కు మైకు, గిటారు పెట్టుకునే వీలున్నా అది ఆ కరెంటు అక్కరలేని డైనమిక్ మైకు వరకే. కనుక ఇంట్లో మీ దారి ఇలా ఉంటుంది: మైకు నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి శాంప్లర్ లైన్ ఇన్‌కు. చాలా ఇంటర్‌ఫేస్‌లలో డైరెక్ట్ మానిటర్ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మైకు ధ్వని ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లి తిరిగి రాకుండా నేరుగా అవుట్‌పుట్‌కు వస్తుంది. ఇంటర్‌ఫేస్‌కు విద్యుత్తు అందితే చాలు, తెర వైపు చూడవలసిన పని లేదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను. కేఓ 2 వంటి చిన్న యంత్రాలకు ఇన్‌పుట్ దగ్గర ఉండేది ఫోన్ పిన్ను సైజు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో రంధ్రం. ఇంటర్‌ఫేస్ వెనక ఉండేవి పెద్ద పిన్ను రంధ్రాలు, అవి సాధారణంగా బ్యాలెన్స్‌డ్. ఒక చివర పెద్ద పిన్ను, మరో చివర చిన్న పిన్ను, రెండింటికీ రెండేసి నల్ల గీతలున్న తీగ ఒకటి చేతికి దొరికితే దాన్నే తగిలించేశాను. హెడ్‌ఫోన్లలో డప్పు బ్రహ్మాండంగా, రెండు చెవులకూ విశాలంగా వినిపించింది. ఆ శాంపిల్‌తోనే ఒక ఊరి ఫంక్షన్‌కు వెళ్లాను. అక్కడి సౌండ్ సెట్టు మోనో. మిగతావన్నీ మోగుతున్నాయి, డప్పు మాత్రం ఎక్కడో గోడ అవతల తట్టినట్టు వచ్చింది. కారణం ఇది: బ్యాలెన్స్‌డ్ తీగలో ఒకే ధ్వని రెండు తీగల మీద తిరగేసి ప్రయాణిస్తుంది, దాన్ని స్టీరియో ఇన్‌పుట్‌కు ఇస్తే ఎడమ చెవికి సూటిది, కుడి చెవికి తిరగేసినది చేరతాయి, ఆ రెండింటినీ మోనోలో కలిపినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కనుక మీరు కొనవలసినది రెండు పెద్ద మోనో పిన్నుల నుంచి ఒక చిన్న స్టీరియో పిన్నుకు వచ్చే వై-తీగ. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ వైపు వెళ్లేవారికి ఇది వెతుక్కోవలసిన వస్తువు కాదు. ఏ శాంపిల్ పట్టుకున్నా ఒకసారి మోనోలో విని చూడండి.

డప్పును పట్టుకోవడం గురించి కూడా కొంచెం చెబుతాను, ఎందుకంటే మైకు ఎక్కడ పెట్టారన్నది శాంప్లర్ ఏదన్న దాని కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. డప్పును మంట దగ్గర కాచిన వెంటనే దాని గొంతు గట్టిగా, పైకి ఉంటుంది. వాయిస్తూ పోయేకొద్దీ, ముఖ్యంగా తేమ ఉన్న రోజు, చర్మం వదులై కిందికి దిగుతుంది. కనుక చిర్ర దెబ్బలు, చిటికెన పుల్ల దెబ్బలు, రెండూ కలిసిన దెబ్బలు అన్నీ ఒకే కాపులో, వరసగా పట్టుకోవాలి. ఇవాళ ఒకటి రేపు ఒకటి పడితే అవి ఒక డప్పు నుంచి వచ్చినట్టు ఉండవు. మైకును చర్మానికి ఎదురుగా కాక, ఒక మూర దూరంలో, అంచు వైపు కొంచెం వాల్చి పెట్టండి. లెవెల్ ఎంత పెద్ద దెబ్బకైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 16 బిట్లలో సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్ జాగా ఉంది కాబట్టి కాస్త తక్కువగా పట్టుకున్నందువల్ల నష్టం లేదు, పగిలిన దెబ్బను మాత్రం ఏ యంత్రమూ అతకలేదు. ఒక్కొక్క దెబ్బను కనీసం నాలుగుసార్లు, బలం మారుస్తూ పట్టుకోండి. ఒకే శాంపిల్ పదహారుసార్లు మోగితే తుపాకీ పేలినట్టు ఉంటుందే తప్ప మనిషి వాయించినట్టు ఉండదు. కత్తిరించేటప్పుడు మొదలును దెబ్బకు మరీ ఆనించి కోస్తే చిర్ర తగిలిన ఆ మొదటి టక్కు పోతుంది. వదులుగా వదిలేస్తే ప్యాడ్ నొక్కిన తర్వాత ఆలస్యంగా మోగుతుంది. ఈ కత్తిరింపు రోజుకు వందసార్లు చేసే పని. అందుకే తెర మీద ధ్వని అలల బొమ్మ (వేవ్‌ఫామ్) కనిపించే యంత్రానికీ, అంకెలు మాత్రమే చూపించే యంత్రానికీ మధ్య ధరలో కనిపించే తేడా సమంజసమేనని నా అభిప్రాయం.

తర్వాత చూడవలసినది తాళం. చాలా యంత్రాలు 16 అడుగుల (స్టెప్‌ల) గడితో, నాలుగు దెబ్బల పాశ్చాత్య లెక్కతో మన ముందు నిలబడతాయి. మన జానపదాలలో చాలా భాగం తకిట తకిట అని తిశ్ర నడకలో సాగుతాయి. వాటిని 16 గడుల్లో కూర్చితే ప్రతి మూడు అక్షరాల్లో మొదటిది తప్ప మిగతా రెండూ గడికీ గడికీ మధ్య పడతాయి. పరిష్కారం సులభమే, యంత్రం ఒప్పుకుంటే. ప్యాటర్న్ (మళ్లీ మళ్లీ తిరిగే దరువు) పొడవును 12 అడుగులకు కుదించండి, తకిట నాలుగుసార్లు సరిగ్గా సరిపోతుంది. మిశ్రచాపుకు, అంటే తకిట తకధిమి అనే 3+4 నడకకు, మాత్రకు రెండు గడుల చొప్పున 14 అడుగులు పెట్టండి. దెబ్బలు 1, 7 గడుల మీద పడతాయి, మిగిలినవి మీ ఇష్టం. డిజిటాక్ట్ ఈ విషయంలో చాలా ఉదారమైనది. అందులో ఒక్కొక్క ట్రాక్‌కు వేర్వేరు పొడవు ఇవ్వవచ్చు కనుక, డప్పును 14 మీద నడుపుతూ గజ్జెల చప్పుడును 16 మీద తిప్పితే 112 అడుగులకు ఒకసారి గానీ రెండూ తిరిగి కలవవు. మీరు బుర్రను ఎక్కువగా లెక్కల మీద నడిపే మనిషి అయితే ఈ ఒక్క గుణం కోసమే దాన్ని కొనవచ్చు. లెక్కల మీద కాక చేతి మీద నడిచే మనిషి అయితే, గడి పొడవులను పట్టించుకోకుండా మెట్రోనోమ్ ఆపేసి, ప్యాడ్లు కొడుతూ రికార్డు చేసి, దెబ్బలను గడికి సర్దే క్వాంటైజ్‌ను ముట్టుకోకుండా వదిలేయడం మేలు. నేను రెండో రకం.

మిగిలిన మూడు యంత్రాల మీద నా తీర్పు చెబుతాను. కేఓ 2 2023 నవంబరులో 299 డాలర్ల ధరతో వచ్చింది. విడుదలైనప్పుడు 64 ఎంబీ మెమరీ, 12 ప్యాడ్లు, లోపలే మైకు, స్పీకరు, నాలుగు చిన్న ట్రిపుల్-ఏ సెల్లులతో నడక. సంతలో నిలబడి బెల్లం అమ్మే ఆయన కేకను పట్టుకుని, అక్కడే దాన్ని బీటు మీద కూర్చగలిగే యంత్రం మీ జాబితాలో ఇదొక్కటే. ఆ మైకు నాణ్యత గొప్పగా ఏమీ ఉండదు, అయినా ఆ పనికి చాలు. దాని తెర అందమైన బొమ్మల తెర, అలల బొమ్మ లేదు. కత్తిరింపు చెవితో చేయవలసిందే. శరీరం తేలిక ప్లాస్టిక్, సంచిలో పుస్తకాల మధ్య పడేసే వస్తువు కాదు.

ఎస్‌పీ-404 ఎంకే2 2021 చివరలో వచ్చింది. 2005 నాటి ఎస్‌పీ-404 వంశంలోనిదే. అమెరికాలో విడుదల ధర సుమారు 500 డాలర్లు, మన దగ్గర సుంకాలు, పన్నులు కలిశాక మీ బడ్జెట్ అంచును తాకుతుంది, ఒక్కోసారి దాటుతుంది. లోపల 16 జీబీ నిల్వ, ఎస్‌డీ కార్డు, చిన్న ఓలెడ్ తెర మీద అలల బొమ్మ, ఒకేసారి 32 ధ్వనులు, ఒక్కొక్క ప్రాజెక్టులో 160 శాంపిల్స్. మీకు ముఖ్యమైనవి రెండు. మొదటిది, యూఎస్‌బీ-సి తీగ ఒక్కటి తగిలిస్తే ల్యాప్‌టాప్ ధ్వని నేరుగా అందులోకి, దాని ధ్వని ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి. నేను చెప్పిన వై-తీగ బాధ ఆ మేరకు తప్పుతుంది. రెండోది రీశాంప్లింగ్: డప్పుకు ఒక ఎఫెక్టు వేసి, వాయిస్తూ ఆ ఫలితాన్నే మరో ప్యాడ్‌లోకి పట్టుకుని, దాని మీద మళ్లీ ఇంకొకటి వేయవచ్చు. పని వేగంగా సాగడానికి, అనుకోని ధ్వనులు పుట్టడానికి కారణం ఇదే. దాని బలహీనత బటన్ల కలయికలు. ఏ పనికి ఏ రెండు బటన్లు కలిపి నొక్కాలో గుర్తు పెట్టుకోవడానికి మొదటి నెల ఒక కాగితం పక్కన అంటించుకోక తప్పదు.

డిజిటాక్ట్ మొదటి తరం 2017 నాటిది. ఎనిమిది ఆడియో ట్రాకులు, శాంపిల్స్ మోనో, ప్రాజెక్టుకు 64 ఎంబీ. 2024లో వచ్చిన డిజిటాక్ట్ 2 స్టీరియో, 16 ట్రాకులు, కానీ విడుదల ధరే 999 డాలర్లు కనుక దాన్ని మరచిపోండి. పాతది 40,000 లోపు మంచి స్థితిలో దొరికితే ఆలోచించండి. బ్యాటరీ లేదు, అడాప్టర్ తప్పనిసరి. ఎంపీసీ వన్ అనే మరో యంత్రం గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక చెబుతారు: 7 అంగుళాల టచ్ తెరతో చాలా శక్తిమంతమైనది, అయితే అది ల్యాప్‌టాప్ నుంచి తప్పించుకోవాలనుకున్న మనిషికి మరో ల్యాప్‌టాప్ ఇచ్చినట్టు ఉంటుంది.

మీ స్థానంలో నేనుంటే ఎస్‌పీ-404 ఎంకే2 తీసుకుంటాను. బడ్జెట్ పట్టకపోతే కేఓ 2 తీసుకుని, మిగిలిన డబ్బులో ఒక మంచి డైనమిక్ మైకు, రెండు సరైన తీగలు, చార్జి చేసుకునే సెల్లులు కొంటాను.

విద్యుత్తు విషయం కొత్తవారు పట్టించుకోరు. మన ఇళ్లలో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగా ఉండదు, ల్యాప్‌టాప్ చార్జర్ తగిలించగానే శాంప్లర్‌లో జుయ్యిమని ఒక హమ్ మొదలవుతుంది. శాంప్లర్ చెడిందని దుకాణానికి పరుగెత్తేముందు దాన్ని సెల్లుల మీద నడిపి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి వినండి. హమ్ పోతే లోపం యంత్రంలో లేదు. సెల్లులతో నడిచే యంత్రాన్ని కొనమనడానికి నాకున్న కారణాల్లో ఇది పెద్దది. అడాప్టర్ల సంగతి ఇంకా జాగ్రత్త. పాత ఎస్‌పీ-404ఎస్‌ఎక్స్ వంటి రోలాండ్ యంత్రాలకు 9 వోల్టుల అడాప్టర్‌లో మధ్య పిన్ను నెగటివ్; వేరే యంత్రాలతో వచ్చే కొన్ని అడాప్టర్లు కూడా 9 వోల్టులే, అదే ఆకారం, కానీ మధ్య పిన్ను పాజిటివ్. ఒకదాని పిన్ను మరొకదానిలో చక్కగా దూరుతుంది. ఒక రాత్రి తొందరలో అలా దూర్చి నేను ఒక యంత్రాన్ని పోగొట్టుకున్నాను. ఇప్పుడు నా ప్రతి అడాప్టర్ మీదా మార్కర్‌తో దాని యజమాని పేరు రాసి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే కొనేముందు మీ హెడ్‌ఫోన్లు, ఒక తీగ, ఫోను తీసుకుని వెళ్లండి. ఫోన్ నుంచి ఏదైనా ఒక ధ్వనిని ఇన్‌పుట్ ద్వారా రికార్డు చేయించండి. అమ్మేవారు లోపల ఉన్న డెమో పాటలు వినిపించి సరిపెడతారు, ఇన్‌పుట్ చచ్చిపోయిన యంత్రం కూడా డెమో పాటలను హాయిగా వాయిస్తుంది. తర్వాత ఒకే శాంపిల్‌ను అన్ని ప్యాడ్ల మీదా పెట్టి, వేలి కొసతో మెల్లగా, ఒకే బలంతో వరసగా కొట్టండి. ఏదైనా ప్యాడ్ రెండుసార్లు మోగినా, గట్టిగా నొక్కితే తప్ప పలకకపోయినా ధర తగ్గించమని అడగండి. నాబ్‌లు తిప్పేటప్పుడు విలువ వెనక్కీ ముందుకూ గెంతుతోందేమో చూడండి. చివరగా, పట్టుకున్న శాంపిల్‌ను సేవ్ చేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, మళ్లీ వేసి, అది ఉందో లేదో చూడండి. కార్డు స్లాట్ చెడినవి ఇక్కడే బయటపడతాయి.

పాత సినిమా పాటల ముక్కలు వాడవచ్చా అని చివర్లో అడిగారు. ఇంట్లో నేర్చుకోవడానికి ఎంతైనా కోసుకోండి. విడుదల చేయాలంటే మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన ఏడాది ముగిసిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. పాట రాసినవారికీ స్వరపరచినవారికీ ఉన్న హక్కు వేరు, అది వారి జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. కాబట్టి 1960 నాటి గ్రామఫోన్ రికార్డు హక్కు తీరిపోయినా, అందులోని సాహిత్యానికి, స్వరానికి హక్కు ఇంకా మిగిలి ఉండవచ్చు. అమ్మమ్మ పాడే నాట్ల పాటకు ఆ చిక్కు సాధారణంగా రాదు, ఆవిడ సరేనంటే చాలు. ఒక్క పని మాత్రం చేయండి: ఆవిడ పాటను మొదట ల్యాప్‌టాప్‌లో 24 బిట్లలో, మధ్యలో ఆపకుండా, దగ్గులూ మాటలూ ఉన్నది ఉన్నట్టుగా మొత్తం రికార్డు చేసి, తేదీ, ఊరు పేరుతో రెండుచోట్ల దాచండి. శాంప్లర్‌లోకి వెళ్లే ముక్కలను ఆ ఫైలు నుంచి తీసుకోండి.